వార్డులో ఒంటికి అంటించే మానిటర్లు: ప్యాచ్ పనిచేయాలంటే చుట్టూ ఏమేం ఉండాలి

(హైదరాబాద్‌లో నర్సింగ్ సిబ్బంది, డ్యూటీ డాక్టర్లు, బయోమెడికల్ ఇంజనీర్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ముందు సిస్టర్లను ఒక మాట అడుగుతాను. ఏ జనరల్ వార్డుకైనా వెళ్ళి కేస్ షీట్లు తిరగేయండి. శ్వాస రేటు గడిలో ఏముంటుంది? 18. పక్క బెడ్డుకి? 20. ఆ పక్క బెడ్డుకి? మళ్ళీ 18. నిమోనియా పేషెంటు, పొట్ట ఆపరేషన్ అయిన పేషెంటు, గుండె జబ్బు పేషెంటు, అందరూ నిమిషానికి పద్దెనిమిదిసార్లే ఊపిరి తీస్తున్నారా? తీయరు. మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎవరినీ తప్పు పట్టడానికి అనడం లేదు. పేషెంటు పక్కన నిలబడి, వాచీ చూస్తూ, నిండా ఒక నిమిషం ఛాతీ కదలికలు లెక్కపెట్టాలి. ముప్ఫై మందికి అరగంట. ఒక్క శ్వాస లెక్కకే అరగంట. రాత్రిపూట ఇద్దరే సిస్టర్లున్న వార్డులో ఆ అరగంట ఎక్కడినుంచి తేవాలి?

మరి ఆ అంకె అంత ముఖ్యమా అంటే, అవును, అంత ముఖ్యం. మనిషి పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు అన్నిటికంటే ముందు కదిలేది శ్వాస రేటే. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరి ఆమ్లం పెరిగినా, ఆక్సిజన్ తగ్గడం మొదలైనా, శరీరం మొదట చేసే పని ఊపిరి వేగం పెంచడం. అలా పెంచుకుని సాచురేషన్‌ని, అంటే రక్తంలో ఆక్సిజన్ నిండిన శాతాన్ని, నిలబెట్టుకుంటుంది. అందుకే సాచురేషన్ 96 కనబడుతూనే ఉంటుంది, ఊపిరి మాత్రం 26కి చేరుతుంది. 96 చూసి మనం ముందుకెళ్ళిపోతాం. ఇక మాస్కు పెట్టి ఆరు లీటర్ల ఆక్సిజన్ ఇస్తున్న పేషెంటు సంగతి చూడండి. నొప్పి మందుల మత్తులో ఊపిరి నిమిషానికి ఎనిమిదికి పడిపోయి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నా, మీటరు మీద 97 చూపిస్తుంది. సాచురేషన్ ఆక్సిజన్ కథే చెబుతుంది, గాలి బయటికి వెళ్తోందో లేదో చెప్పదు. ఈ తేడా మనసులో పెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తాను.

రెండో సంగతి, మధ్యలో ఖాళీ. రాత్రి పది గంటలకు వైటల్స్ (నాడి, శ్వాస, బీపీ లాంటివి) చూశాం, మళ్ళీ ఉదయం ఆరు గంటలకు. మధ్యలో ఏం జరిగింది? క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. గుండె ఆపరేషన్లు కాకుండా ఇతర ఆపరేషన్లు అయిన 833 మందికి వార్డులో నిరంతరం సాచురేషన్ రికార్డు చేశారు. ఆ రీడింగులు నర్సులకు కనబడకుండా ఉంచారు. సాచురేషన్ 90 కంటే కింద కనీసం గంటసేపు ఉండిపోయిన సందర్భాల్లో నూటికి తొంభై మామూలు చార్టింగులో నమోదే కాలేదు. గంటసేపు! అక్కడ నర్సులు బద్ధకస్తులా? కాదు. చూసిన నిమిషంలో పేషెంటు బాగున్నాడు, చూడని గంటల్లో బాగాలేడు. ఇంకో మాట కూడా ఉంది. వెళ్ళి లేపి, పలకరించి, చేయి పట్టుకుంటే పేషెంటు మేలుకుని గట్టిగా ఊపిరి పీలుస్తాడు. మనం కొలిచేది మేలుకున్న మనిషిని. ప్రమాదం నిద్రలో ఉంది.

ఒంటికి అంటించే పరికరాలు పూడ్చవలసింది ఈ ఖాళీనే. ఛాతీ మీద ప్యాచ్, వేలికో మణికట్టుకో సాచురేషన్ సెన్సర్, చంకలో ఉష్ణోగ్రత సెన్సర్, కొన్ని కంపెనీలవి దండచేతికి పట్టీ. రకాలు ఎన్నున్నా ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ అంకె దేనినుంచి వస్తోంది? అది తెలిస్తే ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో మీకే తెలుస్తుంది.

ఛాతీ ప్యాచ్‌లో రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి, వాటితో సింగిల్ లీడ్ ఈసీజీ వస్తుంది. గుండె వేగం దీంట్లో బాగానే వస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు, ఉన్నవాళ్ళకు మణికట్టు సెన్సర్ తక్కువ చూపించే అవకాశం ఉంది, ఎందుకంటే గుండె కొట్టిన ప్రతిసారీ నాడి చేతిదాకా చేరదు. ఛాతీ మీద ఆ చిక్కు లేదు. అయితే ఒక్క లీడ్ చూసి గుండెపోటు ఉందనో లేదనో తేల్చకండి. దానికి 12 లీడ్ల ఈసీజీ తీయాల్సిందే.

అదే ప్యాచ్ శ్వాసను మూడు దారుల్లో పట్టగలదు. ఊపిరి తీసినప్పుడు ఛాతీ గుండా వెళ్ళే అతి చిన్న కరెంటుకు అడ్డు మారుతుంది, అది ఒక దారి. ఈసీజీ గీత ఎత్తు ఊపిరితో పాటు పెరిగి తగ్గుతుంది, అది రెండోది. యాక్సిలరోమీటరు ఛాతీ కదలికను పడుతుంది, అది మూడోది. మూడింటికీ ఒకే బలహీనత: అవి చూసేది ఛాతీ కదలిక, గాలి కాదు. పేషెంటు మాట్లాడినా, దగ్గినా, అటూ ఇటూ దొర్లినా లెక్క తప్పుతుంది. అది పరవాలేదు, కాసేపట్లో సర్దుకుంటుంది. అసలు ప్రమాదం వేరే ఉంది. మత్తు ఎక్కువై నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుపోతే, ఛాతీ కదులుతూనే ఉంటుంది, గాలి లోపలికి వెళ్ళదు. ప్యాచ్ ఆ కదలికలను ఊపిరులుగా లెక్కపెట్టి 14 అని చూపిస్తుంది. అసలు ఊపిరే ఆగిపోతే గుండె కదలికను ఊపిరి అనుకునే సందర్భాలూ ఉన్నాయి. అందుకే మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి గట్టి నొప్పి మందులు నడుస్తున్న పేషెంటుకు ఛాతీ ప్యాచ్ ఒక్కటే చాలదు, వేలికి సాచురేషన్ కూడా ఉండి తీరాలి. ఇందాక సాచురేషన్ ఒక్కటే చాలదన్నాను, ఇప్పుడు శ్వాస రేటు ఒక్కటే చాలదంటున్నాను. రెండూ నిజమే. ఒకటి తప్పిపోయింది రెండోది పడుతుంది.

సాచురేషన్‌కు వద్దాం. జపాన్‌లో తకువో అయోయాగి 1970ల్లో దారి చూపించిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. 660 నానోమీటర్ల దగ్గర ఎర్ర కాంతి, 940 దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కాంతి, రెండూ రక్తంలో ఎంతెంత ఆగాయో పోల్చి చూడడం. వేలికి పెడితే కాంతి ఇటునుంచి అటు దాటుతుంది. మణికట్టు మీదా, ఛాతీ మీదా దాటలేదు, తిరిగివచ్చిన కాంతినే కొలవాలి. సిగ్నల్ బలహీనం, కదిలితే ఇంకా బలహీనం. వేలికి అయినా చేతులు చల్లబడితే, బీపీ తగ్గిపోతే రీడింగు రాదు. బీపీ కఫ్ అదే చేతికి కట్టి గాలి నింపారా, సాచురేషన్ పడిపోయి అలారం మోగుతుంది. ఇది రోజూ జరిగేదే, రోజూ మర్చిపోయేదే. కఫ్ ఒక చేతికి, ప్రోబ్, అంటే వేలి సెన్సర్, రెండో చేతికి. గోళ్ళ రంగు తీసేయండి. పెళ్ళిళ్ళ సీజన్లో ముదురు మెహందీ పెట్టుకుని వస్తారు, ముఖ్యంగా నల్ల మెహందీ. ఆ వేలు సరిగ్గా చూపించకపోతే మెహందీ లేని వేలు చూడండి, లేదా చెవి తమ్మెకు పెట్టే ప్రోబ్ వాడండి. పొగ పీల్చి వచ్చిన పేషెంటుకు కార్బన్ మోనాక్సైడ్ వల్ల మీటరు అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది.

చర్మం రంగు సంగతి మనవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా రోగుల లెక్కలు వచ్చాయి. మీటరు 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు, రక్త పరీక్షలో నిజానికి 88 కంటే తక్కువ ఉన్నవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లజాతివాళ్ళలో 11.7 శాతం. మన వార్డుల్లో చామనఛాయ నుంచి ముదురు నలుపు దాకా అందరూ ఉంటారు. కాబట్టి కంపెనీవాళ్ళు డెమోకి వస్తే ఏ చర్మం రంగు మనుషుల మీద పరీక్షించారో కాగితం చూపించమనండి. మీటరు 93 చూపిస్తూ మనిషి ఆయాసపడుతుంటే ఏబీజీ, అంటే ధమని రక్తంలో వాయువుల పరీక్ష, పంపండి. మనిషిని నమ్మండి.

కఫ్ లేకుండా బీపీ చెబుతామనే పరికరాల గురించి తొందరగా చెప్పేస్తాను. గుండె కొట్టిన క్షణం నుంచి నాడి వేలిదాకా చేరడానికి పట్టిన సమయాన్నిబట్టి బీపీ అంచనా వేస్తాయి. ముందు మామూలు కఫ్‌తో కొలిచి సరిచూపించాలి. తర్వాత రక్తనాళాలు బిగుసుకున్నా, వదులైనా, అంటే సరిగ్గా పేషెంటు షాకులోకి (రక్తప్రసరణ కుప్పకూలే స్థితిలోకి) జారుతున్నప్పుడు, లేదా బీపీ పెంచే మందు మొదలుపెట్టినప్పుడు, ఆ సరిచూపు పనికిరాకుండా పోతుంది. మనకు అవసరమైన వేళకే అది నమ్మకం కోల్పోతుంది. కఫ్ వదలొద్దు, అంతే. ఉష్ణోగ్రత సంగతీ అంతే: చర్మం మీద సెన్సర్ చర్మం వేడినే చెబుతుంది, ఏసీ గాలి తగిలితే తగ్గుతుంది, దుప్పటి కప్పితే పెరుగుతుంది. గంటగంటకూ పెరుగుతోందా లేదా అన్నది చూడండి. జ్వరం ఎంత అని రాయాలంటే థర్మామీటరు పెట్టండి.

ఇప్పుడు అంటించడం. నవ్వకండి, రాత్రిపూట వచ్చే దొంగ అలారాల్లో పెద్ద వాటా ఇక్కడే పుడుతుంది. మన పేషెంట్ల ఛాతీ మీద ఏముంటుంది? కొబ్బరినూనె, టాల్కమ్ పౌడర్, జలుబుకు రాసుకున్న బామ్, చెమట. వీటి మీద ఏ జిగురూ నిలవదు. ముందు సబ్బునీళ్ళ గుడ్డతో తుడవాలి, తర్వాత ఆల్కహాల్ స్వాబ్, తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. ఆల్కహాల్ తడి మీదే అంటిస్తే జిగురు పట్టదు, పైగా చర్మం మండుతుంది. వెంట్రుకలుంటే క్లిప్పర్‌తో కత్తిరించండి, బ్లేడుతో గీయవద్దు, గీసిన చోట చర్మం రేగి రెండోరోజుకి పుండవుతుంది. తయారీదారు బొమ్మలో చూపించిన చోటే పెట్టండి, సాధారణంగా ఎడమ వైపు కాలర్ ఎముక కింద. పెట్టాక మధ్యనుంచి అంచులకు అరచేత్తో అర నిమిషం అదమండి. ఒంటి వేడికి జిగురు మెత్తబడి పట్టుకుంటుంది.

పుస్తెలతాడు సంగతి. బరువైన తాడు ప్యాచ్ మీద దొర్లుతూ ఉంటే ఈసీజీ గీత నిండా గజిబిజి, ప్యాచ్ అంచు లేచిపోతుంది. తీసేయమనకండి, చాలామంది తీయరు, అడగడం కూడా బాగుండదు. తాడును కుడి భుజం వైపు జరిపి, మెత్తని గాజుగుడ్డ చుట్టి, టేపు వేయండి. తాయెత్తులకూ అదే. ఆడవాళ్ళకు తెర వేశాకే, ఆడ సిస్టరే అంటించాలి. మగ టెక్నీషియన్‌ను పంపితే ఆ ప్యాచ్ గంటలో ఊడి దిండు కింద ఉంటుంది. పేషెంటుకు, అటెండెంటుకు నాలుగు మాటలు చెప్పండి: "అమ్మా, ఇది మీ గుండె, ఊపిరి లెక్క చూసే పట్టీ. కరెంటు ఏమీ కొట్టదు. దురద పెట్టినా, అంచు లేచినా మాకు చెప్పండి, మీరు పీకకండి." ఈ నాలుగు మాటలు చెప్పిన వార్డులో ప్యాచ్‌లు నిలుస్తాయి.

మన ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ లేని వార్డులో ప్యాచ్ పెట్టె మీద రాసినన్ని రోజులు రాదు. సగానికే లెక్క వేసుకుని స్టాకు తెప్పించుకోండి. ప్రతి షిఫ్టులో అంచుల చుట్టూ చర్మం చూడండి. మార్చినప్పుడు అదే చోట మళ్ళీ పెట్టకండి, వేలెడు దూరం జరపండి. ఎమ్మారైకి తీసుకెళ్ళేముందు తప్పకుండా తీసేయాలి. గుండెకు కరెంటు షాకు ఇవ్వాల్సి వస్తే, ఆ షాకు ఇచ్చే డీఫిబ్రిలేటర్ ప్యాడ్ కింద ప్యాచ్ ఉండకూడదు, అడ్డుంటే పీకి పారేయండి.

ఇంజనీరు మిత్రులారా, ఇప్పుడు మీ వంతు. ఈ ప్యాచ్‌లలో చాలావరకు బ్లూటూత్ లో ఎనర్జీ మీద నడుస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్. వార్డులో వైఫై అక్కడే, అటెండెంట్ల ఇయర్‌ఫోన్లూ అక్కడే. అంతకంటే పెద్ద అడ్డు పేషెంటు ఒళ్ళే. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళు, ఆ తరంగాలను నీళ్ళు బాగా పీల్చేస్తాయి. ఎడమవైపు తిరిగి పడుకుంటే ప్యాచ్ ఒంటికీ పరుపుకీ మధ్య ఇరుక్కుంటుంది. ప్యాచ్ సిగ్నల్ అందుకునే పెట్టె, అంటే గేట్‌వే, గోడ మీద ఒకవైపే ఉంటే సిగ్నల్ పోతుంది. అందుకని గేట్‌వేలు పైకప్పు దగ్గర పెట్టండి, ప్రతి బెడ్డుకీ కనీసం రెండు గేట్‌వేలు అందాలి. ఖాళీ వార్డులో పరీక్షించి సంతకం పెట్టకండి. విజిటింగ్ అవర్స్‌లో, మనుషులు నిండా ఉన్నప్పుడు, మీరే ప్యాచ్ పెట్టుకుని బెడ్డు మీద నాలుగు వైపులా తిరిగి పడుకుని చూడండి. తర్వాత బాత్‌రూము, కారిడార్, లిఫ్టు. ఎక్స్‌రే గది గోడల్లో సీసం ఉంటుంది, లోపల సిగ్నల్ ఉండదని ముందే అనుకోండి. సిగ్నల్ పోయినంతసేపు ప్యాచ్ రీడింగులు దాచుకుని తర్వాత పంపుతుందా? పంపితే చార్టులో గీత నిండుతుంది, మంచిదే. కానీ పోయిన ఆ పది నిమిషాల్లో అలారం రాదు. నిండిన గీత చూసి ఆ పది నిమిషాలూ మనం కాపలా ఉన్నామని అనుకోవద్దు. గేట్‌వేలకూ, నెట్‌వర్క్ స్విచ్‌కీ యూపీఎస్ ఉందా? జనరేటర్ అందుకునేలోపు ఆ కొద్ది సెకన్లకే అన్నీ రీస్టార్ట్ అయి, పది నిమిషాలు పోతాయి.

ఇంకొకటి, అన్నిటికంటే భయపెట్టేది. ప్యాచ్‌ను బెడ్డు నంబరుకు ముడిపెడితే ఏమవుతుంది? 12 నుంచి 17కి పేషెంటును మార్చారు, సిస్టంలో మార్చలేదు. 17లో పేషెంటు ఊపిరి తగ్గుతోంది, అలారం 12 అని మోగుతుంది, సిస్టర్ 12కి పరుగెత్తుతుంది, అక్కడ కొత్తాయన టీ తాగుతున్నాడు. తప్పుడు అలారం అనుకుని ఆపేస్తుంది. ముడి ఎప్పుడూ పేషెంటు యూహెచ్ఐడీకే, అంటే ఆస్పత్రిలో ఆ మనిషికి ఇచ్చిన నంబరుకే, వేయాలి. చేతి బ్యాండు మీది బార్‌కోడ్, ప్యాచ్ మీది బార్‌కోడ్, రెండూ బెడ్డు పక్కనే స్కాన్ చేసి, పేరు అడిగి, స్క్రీన్ మీద గీత వస్తోందో లేదో చూసి కదలాలి. డిశ్చార్జి అయినప్పుడు ముడి విప్పాలి.

అలారాల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఒక లెక్క చూడండి. ముప్ఫై బెడ్లు, ఒక్కో ప్యాచ్ గంటకు ఒక్కసారి మోగిందనుకుందాం. పన్నెండు గంటల రాత్రికి 360 అలారాలు. అంటే రెండు నిమిషాలకు ఒకటి. ఇద్దరు సిస్టర్లు. మూడోరోజుకి ఏం చేస్తారు? సౌండు తగ్గిస్తారు. ఎవరైనా అదే చేస్తారు. ఐసీయూ మానిటర్ పరిమితులను తెచ్చి వార్డులో పెట్టడం వల్ల వచ్చే జబ్బు ఇది. ఐసీయూలో ఒక సిస్టర్‌కి ఒకరిద్దరు పేషెంట్లు, వార్డులో పదిహేను మంది.

అమెరికాలో డార్ట్‌మత్ ఆస్పత్రివాళ్ళు 2010లో ప్రచురించినది చూడండి. ఆర్థోపెడిక్ ఆపరేషన్లు అయినవాళ్ళ వార్డు, వేలికి మామూలు ప్రోబ్‌లే, అలారం వస్తే నర్సు పేజర్‌కి సందేశం. సాచురేషన్ పరిమితి ఎంత పెట్టారు? 90 అనుకుంటారు. 80 పెట్టారు. గుండె వేగం 50 కంటే తక్కువ, 140 కంటే ఎక్కువ. పైగా కొన్ని సెకన్లు అలాగే నిలిస్తేనే మోగుతుంది. ఫలితం? అత్యవసర రెస్క్యూలు వెయ్యి డిశ్చార్జీలకు 3.4 నుంచి 1.2కి తగ్గాయి, ఐసీయూకి తరలింపులు వెయ్యి పేషెంటు రోజులకు 5.6 నుంచి 2.9కి. మీరూ 80 పెట్టమని నేను అనడం లేదు, మీ పేషెంట్లనుబట్టి మీ డాక్టర్లు నిర్ణయించాలి. మోగిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి వెళ్ళేంత అరుదుగా మోగాలి, నేను చెప్పేది అది.

క్షణికమైన అంకె మీద అలారం తక్కువ పెట్టి, గంటల తరబడి మారుతున్న తీరు మీద హెచ్చరిక ఎక్కువ పెట్టండి. శ్వాస రేటు నాలుగు గంటల్లో 16 నుంచి 23కి ఎక్కింది, గుండె వేగం 84 నుంచి 108కి. విడివిడిగా ఏ అలారమూ మోగదు. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన న్యూస్ 2 పట్టికలో, అంటే పేషెంటు దిగజారుతున్నాడా అని పాయింట్లతో ముందే హెచ్చరించే పట్టికలో, వేస్తే, శ్వాస 21 నుంచి 24 ఉంటే 2 పాయింట్లు, నాడి 91 నుంచి 110 ఉంటే 1, ఆక్సిజన్ మీద ఉంటే ఇంకో 2. మొత్తం 5. ఐదంటే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి, ఏడంటే ఎమర్జెన్సీ. ఇక్కడ ఒకటి గమనించండి. ఆ పట్టికలో ఏడు అంశాలు. ప్యాచ్, వేలి ప్రోబ్ కలిసి ఇవ్వగలిగినవి నాలుగు: శ్వాస, సాచురేషన్, నాడి, ఉష్ణోగ్రత. బీపీ కఫ్‌తో కొలవాలి. ఆక్సిజన్ పెట్టామా లేదా అన్నది మనిషే రాయాలి. స్పృహ ఎలా ఉందో మనిషే చూడాలి. కొత్తగా అయోమయంగా మాట్లాడుతున్నాడంటే అదొక్కటే 3 పాయింట్లు! ఏ ప్యాచూ అది చెప్పదు. కాబట్టి "ఇక రౌండ్లు తగ్గించుకోవచ్చు, ఒక సిస్టర్‌ను తీసేయొచ్చు" అని ఎవరైనా మేనేజ్‌మెంటుకి చెబితే దయచేసి అడ్డుపడండి. శ్వాస లెక్కపెట్టే అరగంట మిగులుతుంది. ఆ అరగంట పేషెంటుతో మాట్లాడడానికి.

మోగాక ఏం జరగాలి? కాగితం మీద రాసుకోండి. అలారం వచ్చే ఫోను ఫలానా సిస్టర్ దగ్గర, భోజనానికి వెళ్తే ఫలానా సిస్టర్‌కి చేతికి అందించి వెళ్ళాలి. రెండు నిమిషాల్లో చూడకపోతే ఇన్‌ఛార్జికి, ఐదు నిమిషాల్లో డ్యూటీ డాక్టర్‌కి. డాక్టర్ ఆపరేషన్ థియేటర్లో ఉంటే రెండో పేరు. "ఎవరో ఒకరు చూస్తారు" అని రాసిన చోట ఎవరూ చూడరు.

అందరికీ ప్యాచ్ పెట్టడానికి డబ్బు చాలదు. మొదట ఎవరికి? పెద్ద ఆపరేషన్ అయి మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ మందులు నడుస్తున్నవాళ్ళకు మొదటి రెండు రాత్రులు. ఐసీయూ నుంచి ఆరోజే వార్డుకు వచ్చినవాళ్ళకు. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళకు, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) అనుమానం ఉన్నవాళ్ళకు. గురక బాగా పెట్టే స్థూలకాయులకు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు పెట్టేముందు కంపెనీ పుస్తకంలో ఏం రాసిందో చదవండి, కొన్ని వద్దంటాయి.

కొనుగోలు మాట రెండు ముక్కల్లో. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ, సాఫ్ట్‌వేర్‌తో సహా, మెడికల్ డివైజెస్ రూల్స్ 2017 కిందికి వచ్చాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ లైసెన్సు నంబరు అడగండి, అది ఏ వాడకానికి ఇచ్చారో చదవండి. ఫిట్‌నెస్ కోసం అమ్మే వాచీని వార్డులో పెట్టి నిర్ణయాలు తీసుకోకూడదు. పరికరం వల్ల పేషెంటుకు హాని జరిగితే పరికరాల హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్‌కు రిపోర్టు పంపండి, చర్మం కాలినా సరే పంపండి. ధర మాట్లాడేటప్పుడు గేట్‌వే ధర కాదు, ఒక పేషెంటు ఒక రోజు ఖర్చు అడగండి. నలిగేది అక్కడే.

మొదలుపెట్టేటప్పుడు మొదటి రెండు వారాలు అలారాలు మోగనివ్వకుండా, రికార్డు మాత్రం చేయండి. ఏ పరిమితికి ఎన్ని మోగేవో లెక్క తీసి, అప్పుడు పరిమితులు ఖాయం చేయండి. తర్వాత నెలకోసారి, చెప్పకుండా, రాత్రి రెండున్నరకు ఒక పరీక్ష పెట్టండి. బాగున్న పేషెంటునే అడిగి, ఒప్పుకుంటే, వేలి ప్రోబ్ తీసేయండి. వాచీ చూడండి. బెడ్డు దగ్గరికి ఎవరైనా రావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? ఆ అంకెను వార్డు బోర్డు మీద తేదీతో రాయండి. అది పది నిమిషాలు దాటుతోందంటే కొత్త ప్యాచ్‌లు కొనే ఆర్డరు ఆపి, ఫోను ఎవరి దగ్గర ఉందో, బ్యాటరీ ఉందో లేదో, సౌండు ఎవరు తగ్గించారో ముందు చూడండి.

ఇక మీ ప్రశ్నలు. ఆ మైకు ముందు సిస్టర్ల వైపు ఇవ్వండి.